అన్నం గిన్నె నుంచి గ్లూకోమీటర్ దాకా: షుగర్ ఉన్నవారు పిండిపదార్థాలను లెక్కగట్టుకునే విధానం

2025 ఉగాది నాడు తెలంగాణలోని హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకం కింద సాధారణ రేషన్ కార్డులో పేరున్న ప్రతి మనిషికి నెలకు 6 కిలోల బియ్యం అందుతున్నాయి. వాటిని ముప్పై రోజులకు పంచితే రోజుకు 200 గ్రాములు వస్తాయి. వంద గ్రాముల వండని బియ్యంలో దాదాపు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కనుక, ఆ బియ్యాన్ని పూర్తిగా తినే మనిషి ఒంట్లోకి ఒక్క అన్నం ద్వారానే రోజుకు 156 గ్రాముల పిండిపదార్థం చేరుతుంది. నల్లగొండ ఆయకట్టులోనైనా, పాలమూరు మెట్ట ఊర్లలోనైనా మూడు పూటలా అన్నమే తినే ఇళ్లలో ఇది ఇంకా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే రేషన్ బియ్యానికి తోడు సొంత పొలం బియ్యమో, మిర్యాలగూడ మిల్లు బియ్యమో ఇంట్లో ఉంటాయి.

షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచి మన వైపు అందరూ చెప్పే సలహా ఒకటే: అన్నం మానేసి జొన్నరొట్టె తినమంటారు. ఆ సలహాలో కొంత మంచి ఉంది. అయితే ఎన్ని రొట్టెలు, ఎంత పిండితో చేసినవి అన్నది ఎవరూ చెప్పరు. ఈ వ్యాసం ఆ లోటును పూరించడానికే రాస్తున్నాను. ముందు పరిమాణం, తర్వాత ధాన్యం ఎంపిక, చివరగా మీ సొంత మీటర్‌తో సరిచూసుకోవడం, ఈ వరుసలో పోతేనే ఫలితం కనిపిస్తుందని నా గట్టి నమ్మకం. మందులు వాడుతున్నవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు, గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఇక్కడ చెప్పిన మార్పులను తమ డాక్టరుతో మాట్లాడిన తర్వాతే మొదలుపెట్టాలి.

రెండు కొలతలు, రెండు పనులు

మనం తిన్నదాంట్లో రక్తంలోని గ్లూకోజ్‌ను నేరుగా, ఎక్కువగా పెంచేది పిండిపదార్థమే. మాంసకృత్తులు, కొవ్వు కూడా కొంత ప్రభావం చూపుతాయి గానీ అది నెమ్మదిగా, తక్కువగా ఉంటుంది. అందువల్ల ఒక పూట భోజనంలో ఎన్ని గ్రాముల పిండిపదార్థం ఉందో లెక్కపెట్టడం మొదటి కొలత. ఇది ఎంత అన్న ప్రశ్నకు జవాబు.

రెండో కొలత గ్లైసీమిక్ సూచిక. దీన్ని 1981లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. ఒక ఆహారంలో జీర్ణమయ్యే పిండిపదార్థం 50 గ్రాములు ఉండేలా తూచి, దాన్ని కొందరికి తినిపించి, రెండు గంటలపాటు వారి రక్తంలో గ్లూకోజ్ ఎంత పెరిగిందో చూస్తారు. అదే మనుషులకు 50 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చినప్పుడు వచ్చిన పెరుగుదలను 100గా తీసుకుని, దాంతో పోల్చి అంకె వేస్తారు. 55 వరకు తక్కువ, 56 నుంచి 69 వరకు మధ్యస్థం, 70, ఆపైన ఎక్కువ. ఇది ఎంత వేగంగా అన్న ప్రశ్నకు జవాబు.

ఈ రెండింటినీ కలిపితే గ్లైసీమిక్ లోడ్ వస్తుంది: సూచికను పిండిపదార్థం గ్రాములతో గుణించి వందతో భాగించాలి. ఒక వడ్డనలో ఇది 10 లోపు ఉంటే తక్కువ, 20, ఆపైన ఉంటే ఎక్కువ అని పరిగణిస్తారు. సూచిక ఒక్కటే చూస్తే ఎలా మోసపోతామో పుచ్చకాయ చూపిస్తుంది. దాని సూచిక 70 పైనే ఉంటుంది, అంటే పేరుకు చెడ్డ పండు. కానీ 120 గ్రాముల ముక్కలో పిండిపదార్థం 8 గ్రాములకు మించదు కనుక లోడ్ సుమారు 6 మాత్రమే. ఒక ముక్క తింటే భయం లేదు, అరకాయ తింటేనే ఇబ్బంది. దీనికి ఎదురు ఉదాహరణ ఐస్‌క్రీం. కొవ్వు వల్ల దాని సూచిక 50 చుట్టూ ఉంటుంది, అంతమాత్రాన అది మంచి ఆహారం అయిపోదు.

మొదటి మెట్టు: ఏమీ మార్చకుండా మూడు రోజులు రాసుకోండి

పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని, ఇప్పుడు తింటున్నదాన్ని ఉన్నదున్నట్టుగా మూడు రోజులు రాయండి. అందులో ఒకటి పనిరోజు, ఒకటి ఇంటిపట్టున ఉండే రోజు, ఒకటి చుట్టాలు వచ్చిన రోజో సంత రోజో అయితే మంచిది. సమయం, పదార్థం, పరిమాణం, తాగిన చాయ్‌లు, దారిలో తిన్న మిర్చి బజ్జీ, మనవడు వదిలేసిన బిస్కెట్లు, అన్నీ రావాలి. పెద్దవాళ్లు రాయలేకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లలు రాసిపెట్టవచ్చు.

చాలా ఇళ్లలో లెక్క దాదాపు ఇలా తేలుతుంది. పొద్దున 300 గ్రాముల అన్నం, మధ్యాహ్నం 400, రాత్రి 350 గ్రాములు తినే మనిషికి అన్నంలో 84, 112, 98 గ్రాముల చొప్పున 294 గ్రాముల పిండిపదార్థం వస్తుంది. మూడు చాయ్‌లకు 36 గ్రాములు, పప్పుకూ పండుకూ కలిపి మరో 30 గ్రాములు చేర్చితే మొత్తం 360 గ్రాములు. ఈ మనిషి తీపి ముట్టడు, పండుగనాడు కూడా బూరె తినడు, అయినా షుగర్ ఎందుకు దిగడం లేదని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతుంటారు. కారణం గిన్నెలో ఉంది.

రెండో మెట్టు: మీ ఇంటి గిన్నెను తూకం వేయండి

పుస్తకాల్లో కప్పు అని రాసి ఉంటుంది. మన ఇళ్లలో అన్నం కప్పుతో కొలిచి పెట్టుకోరు, గరిటెతో, చేత్తో వడ్డిస్తారు. కాబట్టి వంటింటి డిజిటల్ తూకం ఒకటి కొనుక్కోవడం మంచిది. అది ఖరీదైన వస్తువేమీ కాదు, కొన్నాళ్లు వాడితే కంటికే అంచనా అలవడుతుంది.

అన్నానికి ఇలా చేయండి. వండబోయే బియ్యాన్ని తూచండి, 300 గ్రాములు అనుకుందాం. అందులో 78 శాతం, అంటే 234 గ్రాములు పిండిపదార్థం. ఖాళీ గిన్నె బరువు ముందే రాసిపెట్టుకుని, వండిన తర్వాత గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేయండి. అన్నం 840 గ్రాములు వచ్చిందనుకుంటే, 234ను 840తో భాగించగా వంద గ్రాముల అన్నానికి దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం అని తేలుతుంది. ఎసరు తక్కువ పోసి బిరుసుగా వండితే ఈ అంకె పెరుగుతుంది, మెత్తగా వండితే తగ్గుతుంది. మీ ఇంట్లో ఎప్పుడూ ఒకే తీరుగా వండుతారు కనుక ఒకటి రెండు సార్లు ఇలా చూస్తే చాలు. ఆ తర్వాత మీ ఇంట్లో ఉన్న ఒక స్టీలు గిన్నెను ఎంచుకుని, అందులో తల కొట్టినట్టుగా అన్నం నింపి తూచండి. 150 గ్రాములు పడితే ఆ గిన్నె విలువ 42. ఇకమీదట షుగర్ ఉన్న మనిషికి ఆ గిన్నెతోనే వడ్డించండి, కంచంలోకి నేరుగా గరిటెతో వడ్డించవద్దు.

రొట్టెలకు ఇదే పద్ధతి వర్తిస్తుంది, కానీ తూచవలసింది పిండిని. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం పీచును మినహాయించి వంద గ్రాముల జొన్నల్లో 68, తైదల్లో (రాగుల్లో) 67, గోధుమ పిండిలో 64, సజ్జల్లో 62 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. బియ్యంతో పోల్చితే తేడా ఉన్నమాట నిజమే గానీ మనం ఊహించుకున్నంత లేదు. పాలమూరు ఇళ్లలో చేత్తో తట్టే పెద్ద జొన్నరొట్టెకు 70 గ్రాముల పిండి సులభంగా పడుతుంది, అంటే 47 గ్రాముల పిండిపదార్థం. అలాంటి రొట్టెలు రెండు తింటే 340 గ్రాముల అన్నం తిన్నట్టే. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీ ఒకటి 19 గ్రాములు.

పప్పుల్లో పిండిపదార్థం ఉన్నా దానికి తోడుగా మాంసకృత్తులు, పీచు ఉంటాయి. 25 గ్రాముల కందిపప్పుతో అయిన పప్పు ఒక గిన్నెకు 14 గ్రాములు లెక్కేయండి. 30 గ్రాముల బొబ్బర్లతో ఉడికించిన గుడాలకు 16 గ్రాములు. వంకాయ, బీరకాయ, బెండకాయ, చిక్కుడు, పుంటికూర, తోటకూర వంటివాటిని మామూలు పరిమాణంలో తింటే లెక్కలోకి తీసుకోనక్కరలేదు. ఆలుగడ్డ, చామగడ్డ, కందగడ్డ, మక్కకంకి మాత్రం కూరగాయల లెక్కలోకి రావు, అవి అన్నం పద్దులోకే పోవాలి. కోడిగుడ్డు, కోడికూర, చేప, మటన్‌లలో పిండిపదార్థం లేనట్టే, మసాలాలో వేసిన పుట్నాలు, కొబ్బరి స్వల్పం.

అందరూ మర్చిపోయేది చాయ్. 50 మిల్లీలీటర్ల పాలల్లో 2 గ్రాములకు పైగా, రెండు చెంచాల చక్కెరలో 10 గ్రాములు, కలిపి ఒక్కో చాయ్‌కి 12 గ్రాములు. హోటల్లో రోజుకు నాలుగు సార్లు తాగితే 48 గ్రాములు, అంటే ఒక గిన్నెడు అన్నానికి మించి. చక్కెర బదులు బెల్లం వేసినా ఈ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాదు. తేనె కూడా అంతే.

పండ్లలో మన ప్రాంతానికి ప్రత్యేకమైనవి మూడున్నాయి. నల్లగొండ బత్తాయి మధ్యరకం ఒకటి తొనలుగా తింటే 12 నుంచి 15 గ్రాములు. అదే జ్యూస్ బండి దగ్గర గ్లాసుడు రసానికి మూడు నాలుగు కాయలు పిండుతారు, పీచు పిప్పిలో పోతుంది, పైన చక్కెర పడుతుంది, 50 గ్రాములు దాటిపోతుంది. బాలానగర్ సీతాఫలం వంద గ్రాముల గుజ్జులో 20 గ్రాములకు పైగా ఉంటుంది కనుక సీజన్‌లో పూటకు సగం కాయతో ఆపాలి. కొల్లాపూర్ మామిడి వంద గ్రాములకు 15 గ్రాముల చుట్టూ ఉంటుంది, భోజనం తర్వాత కాకుండా, మధ్యలో విడిగా, నాలుగు ముక్కలు తినడం మేలు. వీటన్నింటికన్నా షుగర్ ఉన్నవారికి జామకాయ అనుకూలం, పీచు బాగా ఉంటుంది, పిండిపదార్థం తక్కువ.

మూడో మెట్టు: పూటకు ఎంత

ఇంతే తినాలన్న ఒకే అంకె లేదు. వయసు, బరువు, శ్రమ, మందులు, కిడ్నీల స్థితి, ఇవన్నీ చూసి డాక్టరు లేదా పోషకాహార నిపుణులు చెప్పాలి. సాధారణంగా పెద్దవారికి పూటకు 45 నుంచి 60 గ్రాముల పిండిపదార్థంతో మొదలుపెట్టమని, అవసరమైతే మధ్యలో 15 గ్రాముల చిరుతిండి చేర్చమని చెబుతారు. రోజంతా పత్తి చేన్లో వంగి పనిచేసే మనిషికి కాస్త ఎక్కువ పట్టవచ్చు, దుకాణంలో కూర్చునే మనిషికి తక్కువ చాలవచ్చు.

360 గ్రాములు తింటున్న మనిషి మర్నాటి నుంచే 160కి దిగకూడదు. ఆకలికి తాళలేక నాలుగో రోజుకే పాత పద్ధతికి పోవడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, వాడుతున్న మందుల మోతాదు పాత తిండికి సరిపడా వేసి ఉంటుంది. కాబట్టి ముందుగా చాయ్‌లో చక్కెర తీసేయండి. రెండో వారం రాత్రి అన్నం తగ్గించండి, 350 నుంచి 250కి, ఆ తర్వాత 200కి. మూడో వారం మధ్యాహ్నం. పొద్దున పూట చివర.

తగ్గించిన చోటును ఖాళీగా వదలకండి. కంచంలో సగం కూర, పావు వంతు పప్పో గుడ్డో మాంసమో, మిగిలిన పావు వంతు అన్నమో రొట్టెనో ఉండేలా చూసుకోండి. మన అలవాటు దీనికి పూర్తిగా తలకిందులు: కంచం నిండా అన్నం, దాన్ని తడపడానికి సరిపడా కూర. అందువల్ల కూర వండే పరిమాణాన్ని ఇంట్లో రెట్టింపు చేయకుండా ఈ మెట్టు ఎక్కడం కుదరదు. వంట చేసే మనిషితో ఈ విషయం ముందుగా మాట్లాడండి, మందుల చీటీ ఎంత ముఖ్యమో ఇది అంత ముఖ్యం. తినే వరుస కూడా మార్చండి. ముందు కూర, పప్పు కొంత తిని, తర్వాత అన్నం కలుపుకుంటే భోజనం తర్వాత పెరుగుదల తగ్గుతుంది.

నాలుగో మెట్టు: ఇప్పుడు గ్లైసీమిక్ సూచిక

పరిమాణం అదుపులోకి వచ్చాక ఎంపిక గురించి ఆలోచించాలి. ఈ వరుస ఎందుకో ఒక లెక్క చెబుతుంది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధనా కేంద్రం రూపొందించగా 2015లో విడుదలైన తెలంగాణ సోన, అంటే ఆర్ఎన్ఆర్ 15048 రకం బియ్యానికి పరీక్షల్లో సూచిక 51 చుట్టూ వచ్చింది. మామూలు తెల్ల అన్నానికి అంతర్జాతీయ పట్టికల్లో సగటు 73. మామూలు అన్నం 400 గ్రాములు తింటే లోడ్ 82. అంతే పరిమాణంలో తెలంగాణ సోన తింటే 57. మామూలు అన్నాన్నే సగానికి, 200 గ్రాములకు తగ్గిస్తే 41. షుగర్ బియ్యమని పేరు పెట్టి అమ్ముతున్నారు కదా అని కడుపునిండా తినే మనిషి కన్నా, మామూలు బియ్యాన్నే సగం తిన్న మనిషి మెరుగ్గా ఉంటాడు. రెండూ చేసిన మనిషికి లోడ్ 29కి దిగుతుంది. ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. గింజ సన్నగా ఉన్నంత మాత్రాన సూచిక తక్కువని కాదు. అది గింజలోని పిండి స్వభావాన్ని, ముఖ్యంగా నెమ్మదిగా జీర్ణమయ్యే అమైలోస్ అనే పిండి శాతాన్ని బట్టి ఉంటుంది. అందువల్ల సన్నబియ్యం అంతా తెలంగాణ సోన కాదు, రకం పేరు అడిగి కొనండి.

జొన్నరొట్టె విషయానికి వస్తే, వేర్వేరు పరీక్షల్లో దానికి సూచిక 50ల నుంచి 70ల పైదాకా వచ్చింది. మొక్క రకం, పిండి మెత్తదనం, కాల్చిన తీరు, ఇవన్నీ అంకెను మారుస్తాయి. జొన్నలో నాకు కనిపించే అసలు లాభం వేరు: వంద గ్రాములకు 10 గ్రాముల పీచు ఉంటుంది, కడుపు త్వరగా నిండుతుంది, ఒక రొట్టెతో ఆపడం సాధ్యమవుతుంది. మూడు రొట్టెలు తిని జొన్న నన్ను కాపాడుతుందని అనుకుంటే కాపాడదు.

ఒకే ధాన్యం వండిన తీరును బట్టి ఎంత మారుతుందో గట్క, అంబలి పక్కపక్కన పెడితే తెలుస్తుంది. గట్కకు జొన్నలను రవ్వగా దంచుతారు, గింజ ముక్కలు ముక్కలుగా ఉంటుంది, జీర్ణం కావడానికి సమయం పడుతుంది. అంబలికి మెత్తటి పిండిని నీళ్లలో బాగా ఉడికిస్తారు, పిండి పూర్తిగా ఉబ్బి పలుచని ద్రవంగా గొంతు దిగుతుంది, నమలవలసిన పని లేదు, త్వరగా గ్లూకోజ్‌గా మారుతుంది. అంబలి మానమని చెప్పడం లేదు. గ్లాసుకు 20 గ్రాములకు మించకుండా పిండి తూచి వేసి, పులిసిన మజ్జిగ కలిపి, పక్కన ఒక గుడ్డో పిడికెడు పల్లీలో పెట్టుకోండి. పులుపు, మాంసకృత్తులు, కొవ్వు, ఇవి మూడూ కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. అందుకే పచ్చిపులుసు, చింతపండు చారు, పెరుగు మన భోజనంలో ఉండటం మంచిదే. తైదల జావకు కూడా ఇదే జాగ్రత్త. షుగర్ ఉన్నవారికి జావ మందులాంటిదని చెప్పి లోటాలకు లోటాలు తాగించడం సరికాదు.

శనగలు, బొబ్బర్లు, ఉలవలు, పెసలు, అనుములు, ఇవన్నీ గుడాలుగా ఉడికించి తింటే తక్కువ సూచిక ఆహారాలు. శనగలకు పట్టికల్లో 28, పల్లీలు అంతకన్నా తక్కువ. సాయంత్రం చాయ్‌తో బిస్కెట్ల బదులు గుడాలు పెట్టుకుంటే ఒకే మార్పుతో రెండు లాభాలు వస్తాయి. షుగర్ ఫ్రీ అని రాసిన బిస్కెట్లలో చక్కెర వేయకపోయినా మైదాలోని పిండిపదార్థం అలాగే ఉంటుంది, పాకెట్ వెనుక పట్టికలో మొత్తం కార్బోహైడ్రేట్ వరుస చదవండి. మరమరాలు, అటుకులు, కార్న్‌ఫ్లేక్స్ తేలికగా కనిపిస్తాయి గానీ వేగంగా షుగర్‌ను పెంచుతాయి. ఉప్పుడు బియ్యానికి పచ్చి బియ్యం కన్నా సూచిక సాధారణంగా తక్కువ, కానీ మన మిల్లుల్లో తయారైనదాంట్లో చాలావరకు వేరే రాష్ట్రాలకు పోతుంది, మన కంచాల్లోకి వచ్చేది తక్కువ. అలవాటు చేసుకోగలిగినవారు ప్రయత్నించవచ్చు.

సద్దన్నం, గంజి వార్చడం గురించి చాలామంది అడుగుతారు. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండి జీర్ణం కాని రూపంలోకి మారుతుంది, గంజి వారిస్తే కొంత పిండి నీళ్లతో పోతుంది. రెండూ స్వల్ప ప్రయోజనాలే. వాటి పేరు చెప్పి గిన్నె లెక్కలో ఏమీ తగ్గించుకోవద్దు.

ఐదో మెట్టు: మీ రక్తమే మీకు చెబుతుంది

సూచిక అంకెలు సగటులు. అదే అన్నం ఇద్దరు అన్నదమ్ముల్లో వేర్వేరుగా పనిచేయవచ్చు. అందువల్ల గ్లూకోమీటర్‌తో జంట పరీక్షలు చేయండి: భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన సమయం నుంచి సరిగ్గా రెండు గంటలకు మరోసారి. రెండింటి తేడా ఆ భోజనం ప్రభావం. ఉదాహరణకు 400 గ్రాముల అన్నం తిన్న రోజు 128 నుంచి 236కు పోయి, మరో రోజు 250 గ్రాముల అన్నం, గిన్నెడు పప్పు, రెండింతల బీరకాయ కూర తిన్నాక 130 నుంచి 184కు వస్తే, మీ శరీరం జవాబు చెప్పేసినట్టే. తేడా తరచూ 50 దాటుతుంటే ఆ భోజనంలో పరిమాణమో, రకమో మార్చాలి. స్ట్రిప్‌ల ఖర్చు భారమైతే వారానికి రెండు భోజనాలే పరీక్షించండి, కానీ ఒకే భోజనాన్ని రెండు రకాలుగా తిని పోల్చండి, అప్పుడే తెలివిడి వస్తుంది.

వేలు గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకోవాలి. బత్తాయి ఒలిచిన చేత్తో, బెల్లం ముట్టిన చేత్తో పరీక్షిస్తే తప్పుడు అంకె చాలా ఎక్కువగా వస్తుంది. స్ట్రిప్‌ల డబ్బా మూత గట్టిగా పెట్టండి, గడువు తేదీ చూడండి, వేసవిలో ఎండ తగిలే చోట ఉంచకండి.

చాలామంది పెద్దవారికి పరగడుపున 80 నుంచి 130, భోజనం తర్వాత 180 లోపు, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు లక్ష్యంగా పెడతారు. వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి, తరచూ షుగర్ పడిపోయేవారికి డాక్టర్లు కాస్త సడలిస్తారు. గర్భిణులకు ఇంకా కఠినంగా ఉంటాయి.

భోజనం తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు నడవడం ఈ అంకెను దించే సులువైన పని. వాకిట్లో అటూ ఇటూ తిరిగినా సరిపోతుంది.

ఆరో మెట్టు: మందులతో కలిపి చూసుకోవడం

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి గోలీలు, ఇన్సులిన్ అలా కావు. తిండి తగ్గినా అవి తమ పని తాము చేస్తాయి. అన్నం తగ్గించడం మొదలుపెట్టే ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, జిల్లా ఆసుపత్రిలోనో మీ నోటుపుస్తకం చూపించి మోతాదు గురించి అడగండి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి గోలీలు వాడేవారు పిండిపదార్థాన్ని దాదాపు పూర్తిగా మానేయడం, పొడవైన ఉపవాసాలు చేయడం ప్రమాదం, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లగుణంగా మారవచ్చు.

30/70 మిశ్రమ ఇన్సులిన్‌ను (త్వరగా పనిచేసేది 30 వంతులు, నెమ్మదిగా పనిచేసేది 70 వంతులు కలిసినది) పొద్దున, రాత్రి తీసుకునేవారికి అతి ముఖ్యమైన సూత్రం నిలకడ. మిశ్రమంలోని రెండు ఇన్సులిన్లూ మీరు తిన్నా తినకపోయినా తమ సమయానికి పనిచేస్తాయి కనుక, రోజూ దాదాపు ఒకే వేళకు, ఒకే పరిమాణంలో పిండిపదార్థం తినాలి. ఒక పూట 40, మరో పూట 110 అంటే ఏ మోతాదూ కుదరదు. మామూలు ఇన్సులిన్ ఉన్న సూది భోజనానికి అరగంట ముందు తీసుకోవాలి, తీసుకున్నాక భోజనం ఆలస్యం కాకూడదు. భోజనం భోజనానికి వేగంగా పనిచేసే ఇన్సులిన్ తీసుకునేవారికి, ముఖ్యంగా ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకు, డాక్టరు ఒక నిష్పత్తి చెబుతారు. 10 గ్రాములకు ఒక యూనిట్ అని చెబితే, 60 గ్రాముల భోజనానికి 6 యూనిట్లు. ఈ నిష్పత్తి ఒక్కో మనిషికి ఒక్కో రకం, పక్కింటివారిది పనికిరాదు.

షుగర్ పడిపోయినప్పుడు

వణుకు, చెమటలు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమక మాటలు వస్తే వెంటనే పరీక్షించండి. 70 కన్నా తక్కువ ఉంటే, లేదా పరీక్షించే వీలు లేకపోతే లక్షణాలను బట్టే, 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే తాగాలి. కుదుటపడ్డాక, తర్వాతి భోజనానికి సమయం ఉంటే, కాస్త ఏదైనా తినాలి. వాగ్లిబోస్ లేదా అకార్బోస్ గోలీలు వాడేవారికి ఇంట్లోని చక్కెర త్వరగా పనిచేయదు, ఎందుకంటే ఆ గోలీ చక్కెరను విడగొట్టే పనినే ఆపుతుంది. వారికి గ్లూకోజ్ పొడే కావాలి. చేనుకు పోయేటప్పుడు నీళ్ల సీసాతో పాటు గ్లూకోజ్ పొట్లం కొంగుకో జేబుకో ఉండాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయవద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

కల్లు, బతుకమ్మ, జ్వరం

ఇవి మూడూ లెక్క తప్పించే సందర్భాలు. కల్లులోని ఆల్కహాల్ కాలేయం నుంచి గ్లూకోజ్ విడుదల కాకుండా అడ్డుకుంటుంది. గ్లిమిపిరైడ్ గోలీ వేసుకునో, ఇన్సులిన్ తీసుకునో సాయంత్రం కల్లు తాగి, భోజనం సరిగా చేయకుండా పడుకున్న మనిషికి అర్ధరాత్రి షుగర్ పడిపోవచ్చు. తడబడే మాట, తూలే నడక చూసి ఇంట్లోవాళ్లు కల్లు మత్తే అనుకుని వదిలేస్తారు. ఇది ప్రాణం తీసే పొరపాటు. కల్లు తాగే అలవాటును డాక్టరు దగ్గర దాచకండి, మత్తుగా కనిపించిన మనిషికి షుగర్ జబ్బు ఉంటే ముందు వేలు గుచ్చి చూడండి. పులియని నీరాలో ఆల్కహాల్ ఉండదు గానీ చక్కెర బాగా ఉంటుంది, గ్లాసుకు 20 గ్రాములకు పైనే లెక్కేయాలి.

సద్దుల బతుకమ్మ నాడు పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద అన్నీ తినకుండా ఉండమని చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు, నేనూ చెప్పను. ఆ పూట అన్నం గిన్నె పూర్తిగా మానేసి, దాని విలువలోనే సద్దులు తినండి. రొట్టె, బెల్లం కలిపి దంచిన మలీద ముద్ద చిన్నది ఒకటి 25 గ్రాములు, రెండు చెంచాల నువ్వుల సద్దికి 15 గ్రాములు అనుకుంటే మీ పూట కోటాలో ఇంకా కొంత మిగులుతుంది. పండుగ తిండి మామూలు భోజనం మీద అదనంగా చేరినప్పుడే ఇబ్బంది. ఆటపాటల్లో రెండు గంటలు తిరిగే ఆడవాళ్లకు ఆ నడక కూడా సాయం చేస్తుంది, ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం ఆట మధ్యలో ఒకసారి పరీక్షించుకోవాలి.

జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్నప్పుడు తిండి తగ్గినా షుగర్ పెరగవచ్చు. ఇన్సులిన్‌ను సొంతంగా ఆపేయవద్దు. మూడు నాలుగు గంటలకోసారి పరీక్షిస్తూ, నీళ్లు బాగా తాగుతూ, ఘనాహారం పోకపోతే గంజి, పలుచని మజ్జిగ వంటివి కొద్దికొద్దిగా తీసుకుంటూ, గోలీల్లో ఏవి కొనసాగించాలో, ఏవి ఆపాలో అదే రోజు డాక్టరును అడగండి. 300 దాటి దిగకపోయినా, వాంతులు ఆగకపోయినా, ఊపిరి వేగంగా ఆడుతున్నా ఇంట్లో ఉండకుండా ఆసుపత్రికి పోవాలి, పోయేటప్పుడు నోటుపుస్తకం, వాడుతున్న గోలీల అట్టలు వెంట తీసుకెళ్లండి.